గడ్డి మిషనును కాపాడుకుందాం

కొడవలికి ఒక నూరుడు రాయి ఉంటే చాలు. పని అయ్యాక చూరులో గుచ్చితే సరిపోతుంది. ఏడాది తరువాత తీసినా నాలుగు సార్లు నూరితే మళ్ళీ తెగుతుంది.

గడ్డి మిషను అట్లా కాదు. అది చేసేది కొడవలి పనే. కాని దానికి ఇంజను ఉంది. ఇంజనుకు పెట్రోలు కావాలి. గాలి కావాలి. నూనె కావాలి. పని ఉన్న రోజుల్లో దాన్ని ఒక రకంగా చూసుకోవాలి. పని లేని రోజుల్లో ఇంకో రకంగా దాచుకోవాలి.

ఈ మిషనును బ్రష్ కట్టర్ అంటారు. కొందరు కలుపు మిషను అంటారు. పామాయిల్ తోటలో, కొబ్బరి తోటలో, మామిడి తోటలో, జీడి తోటలో చెట్ల మధ్య గడ్డి కోయడానికి దీన్ని వాడతారు. గట్ల మీద తుప్పలు కొట్టడానికి కూడా వాడతారు. ఒక మనిషి భుజానికి తగిలించుకుని నడపగలడు.

మిషను కొనడానికి డబ్బు పెడతాం. చాలా మంది అప్పు చేసి కొంటారు. మిషను మూల పడినా అప్పు మూల పడదు. కిస్తీ రోజు వస్తూనే ఉంటుంది. అందుకే మిషను సంగతి తెలుసుకోవాలి.

మిషనులో ఏమేమి ఉంటాయి?

పొడవాటి గొట్టం ఉంటుంది. గొట్టం పై చివర ఇంజను. కింది చివర బ్లేడు. గొట్టం లోపల ఒక ఇనుప కడ్డీ తిరుగుతుంది. ఇంజను బలాన్ని అదే బ్లేడు దాకా తీసుకుపోతుంది.

బ్లేడు పైన చిన్న గేరు పెట్టె ఉంటుంది. అందులో పళ్ళ చక్రాలు ఉంటాయి. వాటికి గ్రీజు ఉండాలి.

ఇంజను దగ్గర ఇవి ఉంటాయి: పెట్రోలు ట్యాంకు, కార్బరేటరు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, సైలెన్సరు, లాగే తాడు.

కార్బరేటరు పని పెట్రోలును, గాలిని కలపడం. ఫిల్టరు పని గాలిలో దుమ్మును ఆపడం. ప్లగ్గు పని నిప్పురవ్వ ఇవ్వడం. ఈ మూడూ బాగుంటే మిషను తాడు లాగగానే పలుకుతుంది.

ఒక సంఘం సంగతి

ఒక ఊళ్ళో పది మంది ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. సంఘం అప్పుతో గడ్డి మిషను కొన్నారు. దాన్ని తోటలకు కిరాయికి పంపారు. నడిపేవాడు సంఘంలో ఒకామె కొడుకు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. తోటల్లో గడ్డి నడుం ఎత్తు పెరిగింది. మిషనుకు చేతి నిండా పని. కిరాయి డబ్బులతోనే కిస్తీలు కట్టారు. అందరికీ సంతోషం అయింది.

దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మిషనుకు పసుపు రాశారు. కుంకుమ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు.

సంక్రాంతి వెళ్ళింది. గడ్డి ఎండింది. పని తగ్గింది. మిషనును పశువుల కొట్టంలో యూరియా బస్తాల పక్కన ఆనించారు. ట్యాంకులో సగం పెట్రోలు ఉంది. "ఉండనీలే. మళ్ళీ పనికొస్తుంది" అనుకున్నారు.

మృగశిర కార్తె వచ్చింది. వాన పడింది. తోట రైతు కబురు పెట్టాడు. మిషను బయటికి తీశారు. తాడు లాగారు. పలకలేదు. మళ్ళీ లాగారు. పలకలేదు. ఇరవై సార్లు లాగేసరికి తాడు తెగింది.

మండలం సెంటరుకు తీసుకుపోయారు. మేస్త్రీ ట్యాంకు మూత తీసి వాసన చూశాడు.

"ఏమ్మా, ఈ పెట్రోలు ఎప్పుడు పోశారు?" అని అడిగాడు.

"సంక్రాంతి ముందు పోశాం" అంది సంఘం పెద్ద.

"అంటే అయిదు నెలలు అయింది. ఇది ఇక పెట్రోలు కాదమ్మా. చూడండి, రంగు మారింది. వాసన పుల్లగా ఉంది. కార్బరేటరులో బంక పట్టి ఉంటుంది."

మేస్త్రీ కార్బరేటరు విప్పాడు. లోపల జిగురు అంటుకుని ఉంది. బెజ్జాలు మూసుకుపోయాయి. బ్లేడు తుప్పు పట్టింది. పెట్రోలు గొట్టాన్ని ఎలుక కొరికింది.

"మిషను మొత్తం ఎన్ని గంటలు నడిచిందమ్మా?" అని మేస్త్రీ మళ్ళీ అడిగాడు.

ఎవరూ చెప్పలేకపోయారు.

"గేరు పెట్టెలో గ్రీజు ఎప్పుడు పెట్టారు?"

దానికీ జవాబు లేదు.

కొత్త సామాను పట్నం నుంచి రావాలి. మిషను చేతికి రావడానికి పది రోజులు పట్టింది. తోట రైతు ఆగలేదు. వేరే మిషనును పిలిపించుకున్నాడు. రిపేరు ఖర్చు కన్నా ఆ పది రోజుల కిరాయి పోవడమే ఎక్కువ నష్టం. "నీ కొడుకే పాడు చేశాడు" అని ఒకరు అన్నారు. "మీ కొట్టంలో పెట్టబట్టే పాడయింది" అని ఇంకొకరు అన్నారు. మిషనుతో పాటు సంఘంలో మాట కూడా చెడింది.

నిజానికి ఎవరూ కావాలని పాడు చెయ్యలేదు. దాచే పద్ధతి తెలియదు. అంతే.

రెండు రకాల ఇంజన్లు

గడ్డి మిషన్లలో రెండు రకాల ఇంజన్లు ఉన్నాయి. మన దగ్గర ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోవాలి.

ఒకటి, రెండు స్ట్రోకుల ఇంజను. దీనికి పెట్రోలులోనే 2టి ఆయిలు కలిపి పోయాలి. ఈ ఇంజనులో నూనెకు వేరే చోటు లేదు. పెట్రోలుతో పాటు వచ్చిన నూనే లోపలి సామానుకు తడి ఇస్తుంది. నూనె కలపకుండా ఒట్టి పెట్రోలు పోస్తే పిస్టను వేడెక్కి పట్టేస్తుంది. దానికి గంటలు అక్కరలేదు. కొన్ని నిమిషాలు చాలు. ఇంజను పోయినట్టే.

రెండు, నాలుగు స్ట్రోకుల ఇంజను. దీనికి పెట్రోలు వేరు, ఇంజను ఆయిలు వేరు. పెట్రోలులో ఏమీ కలపకూడదు. ఆయిలు పోయడానికి ఇంజనుకు వేరే మూత ఉంటుంది. ఈ చిన్న ఇంజన్లలో ఆయిలు పట్టేది చాలా తక్కువ. కొన్నిటిలో సుమారు 100 మి.లీ. మాత్రమే పడుతుంది. అంటే టీ గ్లాసుడు. అంత తక్కువ ఆయిలులో కొంచెం తగ్గినా ప్రమాదమే. అందుకే రోజూ చూడాలి.

ఏ రకమో ఎట్లా గుర్తు పట్టాలి? ఆయిలుకు వేరే మూత ఉంటే నాలుగు స్ట్రోకులు. లేకపోతే రెండు స్ట్రోకులు. చాలా మిషన్లలో పెట్రోలు మూత మీద బొమ్మ ఉంటుంది. బంకు బొమ్మ పక్కన నూనె చుక్క బొమ్మ కూడా ఉంటే ఆయిలు కలిపి పోయాలని గుర్తు.

నూనె లెక్క

రెండు స్ట్రోకుల మిషను మీద, లేక మిషనుతో వచ్చిన పుస్తకంలో ఒక అంకె ఉంటుంది. 50:1 అని గాని, 25:1 అని గాని ఉంటుంది. ఇది చిన్న అంకే. కాని ఇంజను ప్రాణం దీని మీదే ఉంది.

50:1 అంటే 50 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు ఆయిలు. 1 లీటరు అంటే 1000 మి.లీ. దాన్ని 50తో భాగిస్తే 20 వస్తుంది. కాబట్టి లీటరుకు 20 మి.లీ. ఆయిలు.

25:1 అంటే 1000ని 25తో భాగించాలి. 40 వస్తుంది. కాబట్టి లీటరుకు 40 మి.లీ. ఆయిలు.

50:1 అని రాసి ఉంటే:
1 లీటరు పెట్రోలుకు 20 మి.లీ.
2 లీటర్లకు 40 మి.లీ.
3 లీటర్లకు 60 మి.లీ.
5 లీటర్లకు 100 మి.లీ.

25:1 అని రాసి ఉంటే:
1 లీటరు పెట్రోలుకు 40 మి.లీ.
2 లీటర్లకు 80 మి.లీ.
3 లీటర్లకు 120 మి.లీ.
5 లీటర్లకు 200 మి.లీ.

చేతివాటంగా పోయకూడదు. తక్కువ పడితే ఇంజను పట్టేస్తుంది. ఎక్కువ పడితే పొగ వస్తుంది. ప్లగ్గు నల్లబడుతుంది. సైలెన్సరులో మసి పడుతుంది. మందుల షాపులో దొరికే 20 మి.లీ. సిరంజి కొనండి. సూది అక్కరలేదు. దాని మీద గీతలు, అంకెలు ఉంటాయి. దాంతో కొలవండి. దాని మీద "ఆయిలుకు మాత్రమే" అని రాసి పెట్టండి. ఇంట్లో వేరే పనికి వాడకూడదు.

కలిపే పద్ధతి ఇది. గట్టి మూత ఉన్న క్యానులో ముందు సగం పెట్రోలు పోయాలి. తరువాత ఆయిలు పోయాలి. మూత పెట్టి బాగా కుదపాలి. మిగతా పెట్రోలు పోసి మళ్ళీ కుదపాలి. ట్యాంకులో పోసే ప్రతిసారీ క్యానును కుదిపి పోయాలి.

రెండు మూడు వారాలకు సరిపోయేంత మాత్రమే కలుపుకోండి. చౌకగా వచ్చిందని క్యాను నిండా కలిపి దాచవద్దు.

పెట్రోలు ఎందుకు పాడవుతుంది?

పాలు ఒక పూటకు విరుగుతాయి. పెట్రోలు అంత త్వరగా పాడు కాదు. కాని అది కూడా పాడవుతుంది. సుమారు నెల రోజులు దాటితే దాన్ని నమ్మకూడదు.

పెట్రోలులో తేలిక భాగం ఉంటుంది. త్వరగా అంటుకునేది అదే. అది మూత సందుల్లోంచి ఆవిరై పోతుంది. మిగిలినది చిక్కబడి బంక అవుతుంది. కార్బరేటరులో బెజ్జాలు చాలా సన్నవి. వెంట్రుకంత బంక చాలు, అవి మూసుకుపోవడానికి.

ఇంకో కారణం ఉంది. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో ఇథనాల్ కలుపుతారు. ఇథనాల్ చెరకు నుంచి, బియ్యం నుంచి, మొక్కజొన్న నుంచి తయారవుతుంది. మన దేశంలో 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2025 నాటికి అది చాలా చోట్లకు చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఉప్పు వానాకాలంలో చెమ్మగిల్లినట్టే ఇదీ నీటిని పట్టుకుంటుంది. నీరు చేరితే ట్యాంకులో, కార్బరేటరులో తుప్పు వస్తుంది. పాత రకం రబ్బరు గొట్టాలు కూడా దెబ్బ తింటాయి.

కాబట్టి రోజూ నడిచే మిషనుకు భయం లేదు. మూల కూర్చున్న మిషనుకే భయం. నెల రోజులకు మించి నడపం అని తెలిస్తే ట్యాంకు ఖాళీ చెయ్యాలి.

రోజూ చెయ్యవలసిన పని

పని మొదలు పెట్టే ముందు:

1. నట్లు, బోల్టులు వదులు అయ్యాయేమో చూడాలి.
2. బ్లేడు మీద గార్డు ఉందో లేదో చూడాలి. గార్డు లేకుండా నడపకూడదు.
3. నాలుగు స్ట్రోకుల మిషను అయితే చదును నేల మీద పెట్టి ఆయిలు చూడాలి.
4. పెట్రోలు కారుతోందేమో చూడాలి.
5. ఇంజను చల్లగా ఉన్నప్పుడే పెట్రోలు పోయాలి. బీడీ, అగ్గిపుల్ల దగ్గర ఉండకూడదు.
6. పెట్రోలు పోసిన చోట స్టార్ట్ చెయ్యకూడదు. కనీసం 3 మీటర్ల అవతలికి తీసుకుపోవాలి. 3 మీటర్లు అంటే నాలుగు పెద్ద అంగలు.
7. కళ్ళద్దాలు, బూట్లు, పొడవు ప్యాంటు వేసుకోవాలి. చెవులకు అడ్డు పెట్టుకోవాలి.
8. చుట్టూ 15 మీటర్ల లోపల మనిషి, గొడ్డు, పిల్లలు ఉండకూడదు. బ్లేడుకు తగిలిన రాయి తూటాలా వస్తుంది.

పని అయ్యాక:

1. ఇంజను ఆపాలి. చల్లారనివ్వాలి.
2. ప్లగ్గు మీది టోపీ ఊడదియ్యాలి. అప్పుడు ఇంజను పొరపాటున కూడా తిరగదు. ఆ తరువాతే బ్లేడు ముట్టుకోవాలి.
3. బ్లేడుకు, గార్డుకు అంటిన పచ్చి గడ్డి తియ్యాలి. గడ్డి పసరు ఎండితే గట్టిగా అంటుకుంటుంది. తేమ నిలిచి తుప్పు పడుతుంది.
4. ఇంజను మీది దుమ్ము బ్రష్షుతో దులపాలి. ఇంజను చుట్టూ రెక్కల్లాంటి గీతలు ఉంటాయి. ఇంజను వేడి వాటి నుంచే బయటికి పోతుంది. వాటి మధ్య చెత్త ఇరుక్కుంటే ఇంజను కాగిపోతుంది.
5. ఇంజను మీద నీళ్ళు కొట్టకూడదు. తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడవాలి.

కొన్ని గంటలకు ఒకసారి చెయ్యవలసిన పని

ఎయిర్ ఫిల్టరు: ఇది మిషనుకు ముక్కు లాంటిది. ముక్కు మూసుకుపోతే మనిషికి ఊపిరి ఆడదు. ఫిల్టరు మూసుకుపోతే ఇంజనుకూ ఊపిరి ఆడదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. బలం తగ్గుతుంది. స్పాంజి ఫిల్టరు అయితే సబ్బు నీళ్ళతో ఉతకాలి. పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తరువాత కొంచెం ఇంజను ఆయిలు పట్టించి గట్టిగా పిండాలని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. అట్లా ఉంటే అట్లాగే చెయ్యండి. కాగితం ఫిల్టరును ఉతకకూడదు. మెల్లగా తట్టి దుమ్ము దులపాలి. చిరిగితే కొత్తది వెయ్యాలి. ఫిల్టరు తీసేసి మిషను నడపకూడదు. దుమ్ము లోపలికి పోయి ఇంజనును ఆకురాయిలా అరగదీస్తుంది.

ప్లగ్గు: పానాతో విప్పి చూడాలి. చివర కాఫీ పొడి రంగులో ఉంటే మంచిది. నల్లగా, జిడ్డుగా ఉంటే నూనె ఎక్కువైంది, లేక ఫిల్టరు మూసుకుంది. తెల్లగా కాలినట్టు ఉంటే ఇంజను వేడెక్కుతోంది. అప్పుడు మేస్త్రీకి చూపించాలి. మసి ఉంటే బ్రష్షుతో తుడవాలి. ప్లగ్గు చివర చిన్న సందు ఉంటుంది. చాలా మిషన్లలో అది 0.5 నుంచి 0.7 మి.మీ. దాకా ఉండాలి. మీ మిషనుకు ఎంతో పుస్తకంలో చూడండి.

గేరు పెట్టె: సుమారు 25 గంటల పనికి ఒకసారి చూడాలి. పక్కన ఒక బోల్టు ఉంటుంది. దాన్ని విప్పితే లోపల గ్రీజు కనిపించాలి. కనిపించకపోతే కొంచెం పెట్టాలి. కుక్కి కుక్కి నింపకూడదు. నిండా కుక్కితే గేరు పెట్టె వేడెక్కుతుంది.

ఇంజను ఆయిలు: ఇది నాలుగు స్ట్రోకుల మిషనుకే. కొత్త మిషనుకు మొదటి 10 గంటలకు మార్చాలి. ఆ తరువాత 50 గంటలకు గాని, ఆరు నెలలకు గాని, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. చాలా పుస్తకాల్లో ఇట్లాగే ఉంటుంది. తీసిన నల్ల ఆయిలును చేలో, కాలవలో పారబొయ్యకూడదు. సీసాలో పోసి మెకానిక్కు షాపులో ఇవ్వండి.

బ్లేడు సంగతి

బ్లేడు మొద్దుబారితే ఇంజను మీద బరువు పడుతుంది. పెట్రోలు ఎక్కువ అవుతుంది. మనిషి చేతులు కూడా గుంజుతాయి. రెండు మూడు పళ్ళ బ్లేడును ఆకురాయితో పదును పెట్టవచ్చు. అన్ని పళ్ళకూ ఒకే లెక్కన రాయాలి. ఒక పన్నుకు పది సార్లు రాస్తే మిగతా వాటికీ పది సార్లే రాయాలి. లేకపోతే బరువు ఒక పక్కకు పోతుంది. మిషను వణుకుతుంది. వణికితే నట్లు వదులవుతాయి.

బ్లేడు నట్టు విప్పేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మామూలు నట్టును ఎడమ వైపు తిప్పి విప్పుతాం. చాలా గడ్డి మిషన్లలో బ్లేడు నట్టుది ఉల్టా మర. కుడి వైపు తిప్పితే ఊడుతుంది. ఎడమ వైపు తిప్పితే బిగుస్తుంది. ఇది తెలియక బలంగా తిప్పి మర చెడగొట్టుకుంటారు.

బ్లేడుకు చిన్న పగులు ఉన్నా పారెయ్యాలి. వెల్డింగు చేయించి వాడకూడదు. తిరిగేటప్పుడు విరిగితే ముక్క వచ్చి కాలో కన్నో తీస్తుంది. నైలాన్ తాడు బదులు ఇనుప తీగ కట్టి నడపడం కూడా ఇంత ప్రమాదమే. బ్లేడు ఖరీదు తక్కువ. కన్ను ఖరీదు ఎవరూ కట్టలేరు.

దాచే ముందు చెయ్యవలసిన ఎనిమిది పనులు

సంక్రాంతి తరువాత పని తగ్గుతుంది. మళ్ళీ తొలకరి దాకా మిషను ఖాళీ. అప్పుడు ఈ పనులు చెయ్యాలి. ఒక పూట పడుతుంది.

1. ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ఆరుబయట చెయ్యాలి. పొయ్యి, దీపం దగ్గర వద్దు. నాలుగు స్ట్రోకుల మిషను లోంచి తీసిన కొత్త పెట్రోలును మోటారు సైకిలులో పోసుకోవచ్చు. ఆయిలు కలిపిన పెట్రోలును అట్లా పోయకూడదు. అందుకే ఆఖరి రోజుల్లో కొంచెం కొంచెమే కలుపుకుని, పనిలోనే అవగొట్టాలి.

2. రబ్బరు బుడ్డి ఉంటే దాన్ని నాలుగయిదు సార్లు నొక్కాలి. కార్బరేటరులోని పెట్రోలు ట్యాంకులోకి వస్తుంది. దాన్నీ తీసెయ్యాలి. తరువాత ఇంజనును స్లోలో నడపాలి. లోపల మిగిలినది కాలిపోయి ఇంజను దానంతట అదే ఆగుతుంది. ఇదంతా బయటే చెయ్యాలి. మూసిన గదిలో ఇంజను నడిపితే ఆ పొగలో విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. మనిషిని చంపుతుంది.

3. నాలుగు స్ట్రోకుల మిషనులో పాత ఆయిలు తీసి కొత్త ఆయిలు పోయాలి.

4. ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పాలి. ఆ బెజ్జంలో అర చెంచా శుభ్రమైన ఆయిలు వెయ్యాలి. రెండు స్ట్రోకుల మిషనుకు 2టి ఆయిలు, నాలుగు స్ట్రోకుల మిషనుకు ఇంజను ఆయిలు. తాడును మెల్లగా రెండు మూడు సార్లు లాగాలి. నూనె లోపల అంతా పూసుకుంటుంది. తుప్పు పట్టదు. తరువాత ప్లగ్గు బిగించాలి.

5. ఫిల్టరు ఉతికి ఆరబెట్టి పెట్టాలి.

6. బ్లేడు విప్పి శుభ్రం చెయ్యాలి. పలుచగా గ్రీజు గాని, ఆయిలు గాని రాయాలి. గోనె గుడ్డలో చుట్టి పిల్లలకు అందని చోట పెట్టాలి.

7. గేరు పెట్టెలో గ్రీజు చూడాలి. నట్లు, బోల్టులు బిగించాలి. ఊడిన స్క్రూ ఉంటే ఇప్పుడే వెయ్యాలి. అప్పుడు చూద్దాం అంటే అప్పుడు గుర్తుండదు.

8. భుజం బెల్టు ఉతికి ఆరబెట్టాలి. చెమట ఉప్పుకు బెల్టు చివుకుతుంది. ఎలుకలు కూడా కొరుకుతాయి.

ఎక్కడ పెట్టాలి?

పొడి చోట పెట్టాలి. గోడకు రెండు గట్టి మేకులు కొట్టి తగిలిస్తే మంచిది. నేల తేమ తగలదు. ఎలుకలకూ అందదు. మిషనును ఏ వాటున పెట్టాలో పుస్తకంలో బొమ్మ ఉంటుంది. అట్లాగే పెట్టాలి. తలకిందులు చేస్తే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఆయిలు రాకూడని చోటికి వస్తుంది.

గుడ్డ గాని, గోనె గాని కప్పాలి. ప్లాస్టిక్ కవరు బిగించి కట్టకూడదు. లోపల చెమ్మ పట్టి నీళ్ళు అవుతుంది.

ఎరువుల బస్తాల పక్కన పెట్టకూడదు. యూరియా లాంటి ఎరువులు తేమను పీల్చుకుంటాయి. ఆ తేమ ఇనుమును తినేస్తుంది. పశువుల కొట్టంలో కూడా వద్దు. మూత్రం ఆవిరికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

వంటింట్లో పెట్టకూడదు. పిల్లలు పడుకునే గదిలో పెట్టకూడదు. పెట్రోలు క్యానును మిషను పక్కన పెట్టకూడదు. పెట్రోలును మంచినీళ్ళ సీసాలో, కూల్ డ్రింకు సీసాలో ఎప్పుడూ పోయవద్దు. దాహం వేసిన పిల్ల దాన్ని ఎత్తి తాగేస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

మళ్ళీ తీసేటప్పుడు

వాన పడిన రోజు మిషను తియ్యకండి. వారం ముందే తియ్యండి. ఏదైనా తేడా ఉంటే రిపేరుకు వ్యవధి ఉంటుంది.

దుమ్ము తుడవండి. పెట్రోలు గొట్టం, రబ్బరు బుడ్డి పగిలాయేమో చూడండి. లాగే తాడు చివికిందేమో చూడండి. బ్లేడు బిగించి, గార్డు చూడండి. కొత్త పెట్రోలు పోయండి. మొదట కొంచెం తెల్ల పొగ వస్తుంది. లోపల వేసిన నూనె కాలుతుంది. భయం లేదు. రెండు నిమిషాల్లో పోతుంది.

నైలాన్ తాడు ఎండి పెళుసుగా అయితే ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి. మళ్ళీ మెత్తబడుతుంది.

ఇంజను స్లోలో ఉన్నప్పుడు బ్లేడు తిరగకూడదు. తిరుగుతుంటే పనికి దిగకుండా మేస్త్రీకి చూపించండి.

మిషనుకు ఒక పుస్తకం

మేస్త్రీ అడిగిన ప్రశ్న గుర్తుందా? "మిషను ఎన్ని గంటలు నడిచింది?" ఆ ప్రశ్నకు జవాబు ఎవరి నోటా రాలేదు. జవాబు నోట్లో ఉండే సంగతి కాదు. కాగితం మీద ఉండే సంగతి.

ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. దాన్ని సంచిలో పెట్టి మిషను తగిలించిన చోటే తగిలించండి. పని అయిన ప్రతి రోజూ ఒక వరుస రాయండి. తేదీ, నడిపిన వారి పేరు, ఎన్ని గంటలు, ఎంత పెట్రోలు, ఏం బాగు చేశారు. ఇవి చాలు.

ఇట్లా రాయవచ్చు:

జులై 4. 3 గంటలు. ఫిల్టరు దులిపాం.
జులై 5. 4 గంటలు. ఏమీ లేదు.
జులై 7. 3 గంటలు. ఆయిలు మార్చాం.

మూడు రోజులు కూడితే 10 గంటలు. కొత్త మిషనుకు మొదటి 10 గంటలకు ఆయిలు మార్చాలి కదా. పుస్తకం ఉంది కాబట్టి తెలిసింది.

మిషనుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంటే పారెయ్యకండి. బడి పంతులుతో గాని, చదువుకునే పిల్లలతో గాని చదివించుకోండి. నూనె లెక్క, ప్లగ్గు సందు, ఆయిలు మార్చే గంటలు తెలుగులో మీ నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

సంఘం మిషను అయితే ఈ పుస్తకం ఇంకా అవసరం. ఎవరు ఎప్పుడు నడిపారో రాసి ఉంటే ఒకరి మీద ఒకరు నెపం వేసుకునే పని ఉండదు. లెక్క ఉన్న చోట తగాదా ఉండదు.

మరచిపోవద్దు

నెలకు మించి నడపకపోతే ట్యాంకు ఖాళీ చెయ్యాలి.
నూనె కొలిచి కలపాలి.
ప్లగ్గు టోపీ ఊడదీశాకే బ్లేడు ముట్టాలి.
పగిలిన బ్లేడు వాడకూడదు.
ఎరువుల పక్కన, పొయ్యి పక్కన మిషను పెట్టకూడదు.
రోజూ పుస్తకంలో రాయాలి.

చదివి జవాబు చెప్పండి

1. సంఘం వారి మిషను తొలకరిలో ఎందుకు పలకలేదు?
2. రెండు స్ట్రోకుల ఇంజనులో ఒట్టి పెట్రోలు పోస్తే ఏమవుతుంది?
3. మిషనుకు ప్లాస్టిక్ కవరు ఎందుకు కట్టకూడదు?
4. బ్లేడు నట్టు విప్పడానికి ఎటు తిప్పాలి?
5. సంఘంలో మాట ఎందుకు చెడింది? పుస్తకం రాసి ఉంటే ఏమయ్యేది? అందరూ కలిసి మాట్లాడండి.

లెక్క చెయ్యండి

1. మిషను మీద 50:1 అని ఉంది. 4 లీటర్ల పెట్రోలుకు ఎన్ని మి.లీ. ఆయిలు కలపాలి?
2. మిషను మీద 25:1 అని ఉంది. అర లీటరు పెట్రోలుకు ఎంత కలపాలి?
3. ఒక మిషను రోజుకు 5 గంటలు నడుస్తుంది. ఎన్ని రోజులకు 50 గంటలు అవుతుంది?

చేసి చూడండి

మీ ఊళ్ళో గడ్డి మిషను ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. వారి దగ్గరికి వెళ్ళి మిషను చూడండి. ట్యాంకు మూత మీద ఏ బొమ్మ ఉంది? నూనె లెక్క ఎక్కడ రాసి ఉంది? ఆ అంకెను మీరే చదివి, మీ పలక మీద రాయండి.